20, 25 కూడితే 2025 వస్తోందా? తప్పు ఇన్‌పుట్ దగ్గరుంది

మీ ప్లస్ గుర్తు బాగానే ఉంది. పైథాన్‌లో ఇన్‌పుట్ ఫంక్షన్ మనమేం కొట్టినా స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే ఇస్తుంది. అందుకే మీ ప్రోగ్రామ్ దామలచెరువు మండీకి తోలిన 20, 25 కిలోల రెండు క్రేట్ల తోతాపురి మామిడి తూకం 45 కిలోలు అనకుండా 2025 అంటోంది. స్ట్రింగ్‌ల మధ్య ప్లస్ పెడితే కూడదు, పక్కపక్కన అతికిస్తుంది. మిషన్‌కి అవి '2', '0' లాంటి అక్షరాలే. విలువలతో దానికి పనిలేదు.

1. మొదటి తూకం తీసుకునే లైన్‌లోనే ఇన్‌పుట్ మొత్తాన్ని ఇంట్ (స్ట్రింగ్‌ని పూర్ణసంఖ్యగా మార్చే ఫంక్షన్) బ్రాకెట్లలో పెట్టండి: int(input()).
2. రెండోదానికీ అంతే. ఒకదాన్నే మారిస్తే అంకె, స్ట్రింగ్ కలవవని టైప్‌ఎర్రర్ వస్తుంది.
3. ఆ తర్వాతే కూడండి.

అందరూ జారేది ఇక్కడే: విడివిడిగా మార్చకుండా, కూడిక అయ్యాక ఫలితానికి ఒక్క ఇంట్ తగిలిస్తారు. అప్పటికే అతుక్కుపోయింది కదబ్బా! మళ్లీ 2025 వస్తుంది. పైగా ఎర్రర్ కూడా చూపించదు. తిరుపతిలో డిప్లొమా చదివేటప్పుడు ఒక ల్యాబ్ పీరియడంతా నాకు దీనికే పోయింది.

అనుమానముంటే కూడే ముందు టైప్ ఫంక్షన్‌తో ప్రింట్ చేసి చూడండి. ఎస్‌టీఆర్ (str) అని వస్తే ఇంకా స్ట్రింగే.

తూకం 20.5 లాంటిదైతే ఇంట్ బదులు ఫ్లోట్ (దశాంశ సంఖ్యగా మార్చేది) వాడండి, లేకుంటే వాల్యూఎర్రర్.