మెడ అరుగుదలకు చైనా కషాయం: గగెన్ థాంగ్ ఎవరికి, ఎలా కాచాలి

మీ ప్రశ్న ఇదీ: అమ్మకు సర్వైకల్ స్పాండిలోసిస్ (మెడ ఎముకల అరుగుదల), బీపీ మాత్రలు వాడుతున్నారు. చైనాలో మెడిసిన్ చదివే తమ్ముడు గగెన్ థాంగ్ పొట్లాలు తెచ్చాడు, ఎలా కాచి ఇవ్వాలి?

ముందు పొట్లం విప్పి చూడండి. ఎండుగడ్డి పరకల్లా సన్నగా, పచ్చగా, కణుపులున్న ముక్కలే మా హ్వాంగ్ (ఎఫెడ్రా). అవుంటే అమ్మగారికి ఇవ్వనే వద్దు. అందులోని ఎఫెడ్రిన్ బీపీ పెంచుతుంది, గుండె దడ తెస్తుంది, నిద్ర పట్టనివ్వదు. ఎఫెడ్రా కలిసిన సప్లిమెంట్లను అమెరికా 2004లో నిషేధించింది. ఆ పరకలు ఏరేసినా చిక్కు తీరదు. పొట్లంలో ఉండే గాన్ త్సావ్ అన్నది అతిమధురమే. వారాల తరబడి తాగితే పొటాషియం పడిపోయి, కాళ్లకు నీరు దిగి, బీపీ ఇంకా ఎక్కుతుంది.

అసలు ఈ కషాయం అరిగిన ఎముకకు కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే చైనా వైద్యుడు దీన్ని చలిగాలి తగిలి, చెమట పట్టక, మెడా వీపూ బిగుసుకుపోయిన వాళ్లకు చెప్పాడు. మెడ కండరం పట్టు వదలొచ్చు గానీ, అరిగిన డిస్కు తిరిగి పెరగదు. మెడ అరుగుదలకు వాడే మూలికా మందుల మీద 2010లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (వైద్య పరీక్షల ఫలితాలన్నీ కలిపి తూచే సంస్థది) కూడా ఆధారాలు బలహీనమనే తేల్చింది.

బీపీ, గుండె, థైరాయిడ్ జబ్బులు లేనివాళ్లకు చైనా వైద్యుడు చూసి రాసిస్తే కాచే తీరు చెబుతాను. పాఠ్యపుస్తకాల కొలత: గగెన్ (కుడ్జు దుంప) 12 గ్రాములు, మా హ్వాంగ్ 9, గుయ్ జీ (దాల్చిన జాతి చెట్టు కొమ్మలు), బై షావ్ (తెల్ల పియోనీ వేరు), గాన్ త్సావ్ ఆరేసి గ్రాములు, పచ్చి అల్లం 9 గ్రాములు, ఎండు రేగుపళ్లు 12 కాయలు. రోగిని బట్టి వైద్యుడు మారుస్తాడు, మీరు మార్చకండి. గగెన్ మన నేలగుమ్ముడుకు దగ్గరి చుట్టమే అయినా గగెన్ బదులు నేలగుమ్ముడు వేయకూడదు.

మట్టి కుండ గానీ స్టీలు గిన్నె గానీ వాడండి, ఇనుము, అల్యూమినియం వద్దు. చన్నీళ్లలో అరగంట నానబెట్టాక గగెన్, మా హ్వాంగ్ మాత్రమే ముందు మరిగించాలి. పైకి తెల్లటి నురగ తేలుతుంది, దాన్ని గరిటెతో తీసి పారబోయాలి. తీయకుండా తాగితే గుండెల్లో ఆరాటమని పాత వైద్యుల మాట. పావుగంటయ్యాక మిగతావి వేసి, సన్న సెగ మీద ఇంకో పాతిక నిమిషాలు. వడకట్టి వేడిగా తాగి, దుప్పటి కప్పుకోవాలి. నుదురు తడిసేంత చెమట చాలు. ఒళ్లు ముద్దయ్యేలా పట్టిందంటే మోతాదు మించినట్టే, ఆపేయండి.

మెడ అరుగుదలకే రెడీమేడ్‌గా దొరికే చైనా మందు జింగ్ ఫు కాంగ్ గుళికల్లో వానపాములు కలుస్తాయి, శాకాహారులు గమనించాలి. దాన్‌షెన్ అనే మూలిక కూడా ఉంటుంది. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర) వాడేవాళ్లు దాని జోలికి పోతే రక్తస్రావం కావచ్చు. గర్భిణులకూ పనికిరాదు.

చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, నడక తూలడం, మూత్రం పట్టు తప్పడం కనిపిస్తే వెన్నుపాము నలుగుతోందన్నమాట. కషాయం పక్కన పెట్టి, అదే రోజు న్యూరో సర్జన్‌కు చూపించండి.