సరుకు తేలికే, షిప్పింగ్ బిల్లు ఎందుకంత?

సరుకు తేలికగా ఉన్నా షిప్పింగ్, చెత్త ఎత్తించే ఖర్చులు తగ్గట్లేదంటే ముందు అట్టపెట్టె సైజు చూడండి. చాలా కొరియర్ సంస్థలు అసలు బరువు, పెట్టె కొలతలతో లెక్కగట్టిన బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, తరచుగా 5000తో భాగిస్తారు. 2 కిలోల వస్తువును 40×30×30 పెట్టెలో పెడితే 7.2 కిలోలకు బిల్లు పడుతుంది. 30×20×15లో పట్టిస్తే లెక్క 1.8కి దిగుతుంది, అసలు బరువుకే కడతారు. లోపల కుక్కే బబుల్ ర్యాప్ కూడా తగ్గుతుంది. అలాగని మరీ ఇరికించి సరుకు పగిలితే రిటర్న్ ఖర్చు తడిసి మోపెడవుతుంది.

చెత్తలో తరచుగా ఎక్కువ చోటు తినేది మడవని అట్టపెట్టెలే. విప్పి, తడవకుండా విడిగా పెడితే రీసైక్లింగ్‌కు పోతాయి. చెత్త ఎత్తడానికి ట్రిప్పుకింత అని కడుతుంటే, సగమే నిండిన చెత్త డబ్బాను ఎత్తించడం దండగ.