సర్వర్ కోసం మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తారా?

ప్రశ్న: విజయవాడలో మాకు ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు ఉంది. ఏడాదికి 4 కోట్ల దాకా టర్నోవర్. నాలుగు కంప్యూటర్లు, టాలీ (బిల్లులు, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) మల్టీ యూజర్ లైసెన్స్ ఉన్నాయి. డేటా అంతా లోపలి గదిలోని మెయిన్ సిస్టమ్‌లో ఉంటుంది. కౌంటర్‌లో రెండు, బిల్లింగ్ గదిలో ఒకటి దానికి కలిపాం. పోయిన వారం నెట్ వాళ్లొచ్చి రౌటర్ మార్చారు. సోమవారం నుంచి మెయిన్ సిస్టమ్‌లో టాలీ బాగానే తెరుచుకుంటోంది కానీ మిగతా మూడింటిలో కంపెనీ (టాలీలో మా షాపు లెక్కల పుస్తకం) కనిపించడం లేదు, ఎడ్యుకేషనల్ మోడ్ అని వస్తోంది. పని ఆగకూడదని మా కౌంటర్ కుర్రాడు తన సిస్టమ్‌లోనే వేరే కంపెనీ తెరిచి బిల్లులు కొడుతున్నాడు. కంప్యూటర్లు చూసే అబ్బాయి సర్వర్ పోయిందని, అన్నీ మార్చడానికి 2.40 లక్షలవుతుందని అంటున్నాడు. బ్యాకప్ ఉందనుకుంటున్నాం. బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్, వ్యాపారానికిచ్చే అప్పు లిమిట్) 20 లక్షలూ వాడేశాం. ఒక లోన్ యాప్ 28 శాతం వడ్డీకి, 24 వాయిదాల మీద వెంటనే ఇస్తానంటోంది. తెలిసినాయన ఒకరు మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ఈ నెలాఖరుకు కట్టాల్సిన ఆరోగ్య బీమా ప్రీమియం ఆపి కొంత సర్దుదామనీ ఉంది. 11వ తేదీలోపు జీఎస్టీ రిటర్న్ వేయకపోతే ఫైన్ పడుతుందని భయంగా ఉంది. ఇందులో ఏ అప్పు నయం?

జవాబు: ఏదీ నయం కాదు. అసలు మీకిప్పుడు అప్పు అవసరమే కనబడటం లేదు. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం టాలీ కాదు. ఒకరికి డెలివరీ ఆటో ఇంజిన్ పోతుంది, ఇంకొకరికి జనరేటర్ కాలిపోతుంది, మీకు కంప్యూటర్లు మొరాయించాయి. సరుకు కోట్లలో తిరుగుతున్నా అవసరానికి రెండు లక్షలు తియ్యాలంటే అందరూ అప్పులోళ్ల గుమ్మమే చూస్తారు. పైగా ఏం పాడైందో తేలకముందే అప్పు ఖాయం చేసుకుంటారు.

నేను కంప్యూటర్ల మనిషిని కాను. అయినా మీరు రాసింది మీరే ఇంకోసారి చదువుకోండి. మెయిన్ సిస్టమ్‌లో టాలీ తెరుచుకుంటోంది, కంపెనీ కనిపిస్తోంది, లెక్కలు ఉన్నాయి. అంటే సర్వర్ పోలేదు, డేటా పోలేదు, లైసెన్స్ కూడా పోలేదు. మిగతా మూడు కంప్యూటర్లు దాని దగ్గరికి వెళ్లే దారి మాత్రమే తెగింది. అది ఎప్పుడు తెగిందో కూడా మీరే చెప్పారు, రౌటర్ మార్చాక.

కొత్త రౌటర్ వస్తే షాపులోని కంప్యూటర్లకు కొత్త ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో కంప్యూటర్‌ను గుర్తించే నంబర్లు) ఇచ్చుకుంటుంది. మిగతా మూడూ ఇంకా పాత అడ్రసులోనే లైసెన్స్ కోసం, డేటా ఫోల్డర్ కోసం వెతుకుతుంటాయి. లైసెన్స్ దొరక్క ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి పోతాయి, ఫోల్డర్ దొరక్క కంపెనీ చూపించవు. ఇంకో సంగతి. కొత్త నెట్‌వర్క్ తగిలినప్పుడు విండోస్ దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్ అనుకుంటే ఫోల్డర్ షేరింగ్ మూసేస్తుంది, ఫైర్‌వాల్ కూడా అడ్డం పడుతుంది. ఈ రెండూ చూసి సరిచేయడం తెలిసినవాడికి పూటలో అయ్యే పని. మెయిన్ సిస్టమ్‌కు మారని ఐపీ ఇవ్వమనండి. మిగతా మూడింటిలో లైసెన్స్ సర్వర్ పేరు, డేటా పాత్ కొత్తగా పెట్టమనండి. ఫైర్‌వాల్‌లో టాలీని, అది లైసెన్స్ కోసం వాడే పోర్టును (మామూలుగా 9999 ఉంటుంది) అనుమతించమనండి. నాలుగింటిలోనూ టాలీ రిలీజ్ (వెర్షన్) ఒకటేనా కాదా చూడమనండి. ఆ అబ్బాయి కాదంటే మీకు టాలీ అమ్మిన పార్ట్‌నర్‌ను పిలవండి. కొత్త సర్వర్ అమ్మితే కమీషన్ వచ్చేవాడి చేతనే జబ్బేమిటో చెప్పించుకోవడం మాత్రం మానండి.

వాళ్లు ఏదీ ముట్టుకోకముందు ఒక పని. టాలీ మూసేసి, మెయిన్ సిస్టమ్‌లోని డేటా ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి మీ బీరువాలో పెట్టండి. ‘బ్యాకప్ ఉందనుకుంటున్నాం’ అని రాశారు. చాలా షాపుల్లో ఆ బ్యాకప్ అదే కంప్యూటర్ డీ డ్రైవ్‌లో ఉంటుంది, డిస్క్ పోతే రెండూ కలిసే పోతాయి. కాపీ చేతికి రాకుండా ఎవరైనా డేటా రిపేర్ కొడతానంటే కొట్టనివ్వకండి.

ఖర్చు లెక్క చూద్దాం. మెకానిక్ చార్జీ వెయ్యీ రెండు వేలూ వేసుకోండి. కరెంటు పోయినప్పుడు రాస్తున్న ఫైలు మధ్యలో తెగి డేటా పాడవుతుంది కాబట్టి మెయిన్ సిస్టమ్‌కు మంచి యూపీఎస్, వైఫై బదులు కేబుల్ లాగించడానికి ఓ స్విచ్, బ్యాకప్‌కు బయటి డిస్క్. అన్నీ కలిపి 15 వేలలో వచ్చేస్తాయి. మీరు అప్పు తేబోయింది 2.40 లక్షలకు.

ఇక మీ జీఎస్టీ భయం. మీ 3బీలో (పన్ను కట్టే నెలసరి రిటర్న్) నెలకు 60 వేలు నగదుగా కట్టాల్సి వస్తుందనుకుందాం. పది రోజులు ఆలస్యమైతే రోజుకు 50 చొప్పున 500, 18 శాతం వడ్డీ కింద ఓ 296. మీరు 11లోపు వేయాల్సిన జీఎస్టీఆర్-1కి (అమ్మకాల బిల్లుల రిటర్న్) కూడా లేట్ ఫీ వేసినా మరో 500. అంతా కలిపి పదమూడు వందల లోపే. అసలు నష్టం మీ కొనుగోలుదారులది. మీరు 11 దాటిస్తే 14న వచ్చే వాళ్ల 2బీలో (వాళ్లకు దక్కే పన్ను క్రెడిట్ జాబితా) మీ బిల్లులు ఉండవు, వాళ్ల క్రెడిట్ వచ్చే నెలకు పోతుంది, ఫోన్లు మొదలవుతాయి. కానీ దానికీ సర్వర్ అక్కర్లేదు. మెయిన్ సిస్టమ్ పనిచేస్తోందిగా! దాని ముందు ఇద్దర్ని వంతులవారీగా కూర్చోబెట్టండి. కౌంటర్‌లో అచ్చు బిల్లు పుస్తకం పెట్టి, వేరే సిరీస్ నంబర్లతో చేతిరాత బిల్లులు ఇవ్వండి. ఐదు కోట్లు దాటలేదు కనుక మీకు ఈ-ఇన్‌వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) గొడవ లేదు. యాభై వేలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు తీసే పత్రం) నేరుగా పోర్టల్‌లోనే తీసుకోవచ్చు.

ఆగాల్సింది మీ కౌంటర్ కుర్రాడు, అదీ ఇవాళే. ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలలో 1, 2, ఆఖరి తేదీలకు తప్ప ఎంట్రీలు పడవు. అంటే మంగళవారం అమ్మిన వైరు బండిల్‌కు కూడా అతను 2వ తేదీ బిల్లే కొట్టి ఉంటాడు. పైగా కొత్త కంపెనీ కాబట్టి బిల్లు నంబరు 1 నుంచి మొదలై ఉంటుంది. ఏప్రిల్‌లో మీరు వేరే పార్టీకి ఇచ్చిన 1వ నంబరు బిల్లు ఎటూ ఉంది. ఒకే నంబరుతో రెండు బిల్లులు, తేదీలు తప్పు. ఆ సరుకులో దేనికైనా ఈ-వే బిల్లు తీసి ఉంటే అందులో తేదీ ఇంకోటి. ఆ బిల్లులన్నీ ప్రింటు తీయించి, ఎవరికి ఏ రోజు ఏ సరుకు వెళ్లిందో పక్కన రాయించి, రిటర్న్‌లోకి ఎక్కకముందే ఆడిటర్ గారి ముందు పెట్టండి. కుర్రాణ్ని తిట్టకండి. పని ఆగకూడదన్న ఆలోచన అతనిది, దారి చూపాల్సిన బాధ్యత మీది.

ఇప్పుడు ఆ అప్పుల సంగతి. యాప్ వాళ్లు ప్రాసెసింగ్ ఫీజు నాలుగు శాతం అంటే 9,600, దానిమీద జీఎస్టీ 1,728 ముందే కోసేస్తారనుకోండి. చేతికి వచ్చేది 2,28,672. నెలకు సుమారు 13,170 చొప్పున 24 నెలలు కడితే 3.16 లక్షలు. 87 వేల పైచిలుకు ఎదురు పెట్టి మీరు కొనేది ఏమిటి? పాడవని సర్వర్‌కు బదులు ఇంకో సర్వర్.

మూడు రూపాయల వడ్డీ ఇంకా ఘోరం. నెలకు 7,200, ఏడాదికి 86,400, అసలు అలాగే కూర్చుని ఉంటుంది. మీరు విజయవాడలోనే ఉన్నారు, 2015 చివర్లో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు ఊరంతా ఏం మాట్లాడుకుందో మీకు నేను చెప్పాలా? ఖాళీ చెక్కులు, సంతకం పెట్టిన ప్రోనోట్లు అవతలివాడి బీరువాలో ఉన్నప్పుడు తెలిసినాయనా తెలియనాయనా అన్న తేడా ఉండదు. వ్యాపారంలో పది శాతం కూడా మిగలని హోల్‌సేల్ మనిషి 36 శాతం వడ్డీకి ఎలా ఒప్పుకుంటాడో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాదు.

నిజంగా ఎప్పుడైనా డబ్బు కావాల్సి వస్తే బ్యాంకులో బంగారం మీద తీసుకోండి. క్రెడిట్ కార్డు నుంచి నగదు మాత్రం వద్దు. క్లౌడ్‌లో టాలీ పెట్టుకోమని మీకు చెప్పేవాళ్లుంటారు, నెలసరి అద్దె కట్టగలిగితే తప్పులేదు, తొందరేమీ లేదు.

మీకు నిజంగా లేనిది షాపుకో అత్యవసర నిధి. ఇంటికి ఎంతోకొంత దాచుకునే వాళ్లు కూడా షాపుకు విడిగా పైసా ఉంచరు. అంతా ఒకటే గల్లా. మీలాంటి షాపు లెక్క ఉజ్జాయింపుగా వేస్తాను, మీ అంకెలు పెట్టి సరిచూసుకోండి. షాపు అద్దె 28 వేలు, గోడౌన్‌కు 12, ఐదుగురి జీతాలు 82, కరెంటు, ఫోన్లు, నెట్ 9, సీసీ వడ్డీ 19. నెలకు లక్షా యాభై వేలు. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఇది కట్టాల్సిందే. మూడు నెలలకు నాలుగున్నర లక్షలు. ఇంటి ఖర్చుకు ఆరు నెలలది ఇంకో ఖాతాలో వేరుగా ఉండాలి. ఈ రెంటినీ కలపవద్దు.

‘సీసీ మీద పదకొండూ పన్నెండూ కడుతూ, ఎఫ్‌డీలో ఏడు శాతానికి డబ్బు పడేసుకోవాలా?’ అంటారు. నాకు ఎదురుగా కూర్చున్న ప్రతి వ్యాపారీ ఇదే అడుగుతాడు. నాలుగున్నర లక్షల మీద ఆ తేడా ఏడాదికి ఇరవై వేల చిల్లర. నిజమే, ఖర్చే. ఇప్పుడు మీరు కట్టబోయిన 87 వేల పక్కన పెట్టి చూడండి. ఆ డబ్బుతో సీసీ తగ్గించుకుంటే కావాల్సినప్పుడు మళ్లీ తీసుకోవచ్చు కదా అంటారా? తీసుకుంటారు, కానీ మొదటి మంచి స్కీమ్ వచ్చిన రోజున సరుకు కోసం తీసుకుంటారు. మీ 20 లక్షలూ ఎక్కడికి పోయాయో మీకు తెలుసు. పైగా అది బ్యాంకు పెట్టిన లిమిట్, రెన్యూవల్‌లో తగ్గించినా మీరు చేయగలిగింది లేదు. కనీసం రెండు నెలల ఖర్చు, అంటే 3 లక్షలు, చెక్కుబుక్కు లేని వేరే బ్యాంకులో ఎఫ్‌డీగా ఉంచండి. మూడో నెలది సీసీలో ఖాళీగా వదిలేయండి. ఇంతకంటే నేను దిగను.

ఎక్కడినుంచి తేవాలి? మీ మెయిన్ సిస్టమ్ తెరుచుకుంటోంది కదా, అందులోనే ఔట్‌స్టాండింగ్ రిపోర్ట్ తీయండి. పార్టీలవారీగా, బిల్లు వయసువారీగా చూడండి. నాలుగు కోట్ల హోల్‌సేల్‌లో తొంభై రోజులు దాటిన బాకీ మూడు నాలుగు లక్షలు లేకపోతే నాకు ఆశ్చర్యం. ఎలక్ట్రీషియన్లకు అరువిచ్చి అడగడానికి మొహమాటపడుతుంటారు, ఆ మొహమాటానికి వడ్డీ మీరు సీసీలో కడుతున్నారు. పెద్ద బాకీలు పది తీసుకుని ఈ వారమే ఫోన్లు చేయండి, వాయిదాలైనా రాయించుకోండి. పాత బాకీగా వచ్చిన ప్రతి రూపాయీ సరుకులోకి కాదు, ఆ ఎఫ్‌డీలోకి. గోడౌన్‌లో ఎల్ఈడీలు రాకముందు కొన్న ట్యూబ్‌లైట్ ఫిట్టింగులు ఉంటే వచ్చిన ధరకు వదిలించుకోండి, అవి ఇక పెరిగేవి కావు. ఆ తర్వాత ప్రతి సోమవారం గల్లా లెక్క చూసుకున్నప్పుడు ఐదు వేలు పక్కకు తీసినా ఏడాదికి రెండున్నర లక్షలు దాటుతుంది.

ఆ కొటేషన్‌ను చింపేయనక్కర్లేదు. మీ మెయిన్ సిస్టమ్ ఏడెనిమిదేళ్ల పాతదైతే ఎప్పటికైనా మార్చాలి. నిధి నిండాక, ఇంకో రెండు చోట్ల ధర అడిగి, రొక్కంతో మార్చండి. నలుగురు వాడే టాలీకి 2.40 లక్షల యంత్రం ఎందుకో మాత్రం ఆ అబ్బాయిని అడిగి తెలుసుకోండి.

ఆరోగ్య బీమా ప్రీమియం జోలికి వెళ్లకండి. గడువు దాటాక 30 రోజుల గ్రేస్ ఉంటుందని ఏజెంట్ చెబుతాడు. ఆ రోజుల్లో పాలసీ బతుకుతుంది కానీ, ఏడాది ప్రీమియం కట్టే పాలసీలో ఆ మధ్య ఆసుపత్రిలో చేరితే క్లెయిమ్ రాదు. గ్రేస్ కూడా దాటితే ఇన్నేళ్లుగా గడిచిన వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికొస్తుంది. నెలాఖరు దాకా ఆగకుండా ఈ వారమే కట్టి, రసీదు మీ ఇంట్లోవాళ్ల ఫోన్‌కు కూడా పంపండి.