మటన్ ప్లాంట్‌లో ఉద్యోగం పోయింది, రిజైన్ లెటర్ మీద సంతకం పెట్టమంటున్నారు: పెట్టొచ్చా?

ప్రశ్న: ఆస్ట్రేలియా విక్టోరియాలో ఒక మటన్ ప్రాసెసింగ్ ప్లాంట్‌లో బోనింగ్ రూమ్‌లో (మాంసం నుంచి ఎముకలు తీసే చోట) మూడేళ్ళ రెండు నెలలుగా ఫుల్‌టైమ్ చేస్తున్నాను, 482 వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే వర్క్ వీసా). కరువు వల్ల గొర్రెలు రావట్లేదని ఈమెయిల్ పెట్టి మా టీమ్‌ని తీసేశారు. ఇది జరిగి పన్నెండు రోజులైంది. ఒక పక్క గొర్రెల్ని ప్రాణాలతోనే ఓడలెక్కించి పంపేస్తున్నారు, ఇంకో పక్క ఫ్రీ ట్రేడ్ ఒప్పందాలు, మా పొట్ట కొట్టింది ప్రభుత్వమే. 2011లో ఇండోనేషియాకి పశువుల ఎగుమతి ఆపినందుకు రైతులు కేసు గెలిచారు కదా, మేమూ వెయ్యొచ్చా? ఫెయిర్ వర్క్ ఓంబుడ్స్‌మన్‌కి కంప్లైంట్ పెట్టాను, జవాబు కోసం చూస్తున్నా. పాత తేదీతో రిజైన్ లెటర్ ఇస్తే నాలుగు వారాల జీతం ఇస్తాం, వీసాకి మచ్చ రాదు, వానలు పడ్డాక మళ్ళీ పిలుస్తాం అంటున్నారు హెచ్ఆర్ వాళ్ళు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీరు రాసిన మూడు పేజీల్లో కేసుకి పనికొచ్చే వాక్యం ఒక్కటే ఉంది, అదీ చివర్లో ఎక్కడో పడేశారు: "సోమవారం నుంచి మా టేబుల్ దగ్గరే లేబర్ హైర్ వాళ్ళు ఆరుగురు నిలబడ్డారని ఫ్రెండ్ చెప్పాడు." లేబర్ హైర్ అంటే ఏజెన్సీ పంపే మనుషులు, మీ కేసంతా దాని మీదే ఉంది.

ముందు ప్రభుత్వం సంగతి తేల్చేద్దాం. 2011 కేసులో మంత్రి ఇచ్చిన ఒక ఆర్డర్ చెల్లదని 2020లో ఫెడరల్ కోర్టు చెప్పింది, గెలిచింది పశువుల్ని అమ్ముకునేవాళ్ళు. మీ విషయంలో కొట్టేయించడానికి అలాంటి ఆర్డరే లేదు, ఫ్రీ ట్రేడ్ ఒప్పందం చేసుకోవడం మీ మీద చేసిన తప్పు కింద కోర్టు చూడదు. పైగా ఇండియాతో ఒప్పందం 2022 డిసెంబర్ 29న అమల్లోకొచ్చి గొర్రె మాంసం మీద మనవాళ్ళు వేసే 30 శాతం సుంకం తీసేసింది, అంటే ఆ ఒప్పందం మీ ప్లాంట్ సరుకుకి దారి తెరిచింది. ప్రాణాలతో గొర్రెల్ని పంపేది ముఖ్యంగా వెస్టర్న్ ఆస్ట్రేలియా నుంచి, ఓడల మీద అది 2028 మే 1 నుంచి ఆగిపోవాలని 2024లోనే చట్టం వచ్చింది. ఓడెక్కించకుండా ఆస్ట్రేలియాలోనే కోస్తే ఇక్కడివాళ్ళకి పని దొరుకుతుందని మీట్ వర్కర్ల యూనియన్ ఏళ్ళ తరబడి అంటోంది, ఆ మాటలో న్యాయముందని నేనూ నమ్ముతా, కానీ అది పార్లమెంటులో తేలాల్సింది, మీ అప్లికేషన్‌లో ఒక్క లైను కూడా వద్దు.

కరువు మాత్రం పనికొస్తుంది, మీరనుకున్నట్టు కాదు. కరువొస్తే మేత లేక రైతులు మందని అమ్మేస్తారు, అప్పుడు ప్లాంట్లకి పని పెరుగుతుంది. వానలు పడ్డాక ఆడగొర్రెల్ని అమ్మకుండా ఉంచుకుంటారు, అప్పుడే యార్డులు ఖాళీ అవుతాయి. కాబట్టి మిమ్మల్ని తీసేసిన వారం, దాని ముందు నెల రోజుకెన్ని గొర్రెలు కోశారో ఆ లెక్క చూడాలి. "వానలు పడ్డాక పిలుస్తాం" అన్న మాట ఎందుకు నమ్మకూడదో కూడా దీన్నిబట్టి అర్థమైందనుకుంటా.

ఫెయిర్ వర్క్ యాక్ట్ 389 సెక్షన్ ప్రకారం అసలైన రిడండెన్సీ అంటే మీ పని ఇంక ఎవరూ చెయ్యక్కర్లేదు అన్నట్టుండాలి, అవార్డు (ఆ పరిశ్రమకి వర్తించే జీతాలు, పని షరతుల నిబంధనలు) చెప్పినట్టు ముందుగా మీతో చర్చించి ఉండాలి, వేరే పనిలో పెట్టే వీలు కూడా లేకపోవాలి. అదే టేబుల్, అదే కత్తి, మనిషి మాత్రం లేబర్ హైర్ అయితే పని పోలేదు, మీరు పోయారు అని వాదించొచ్చు. కానీ ఫ్రెండ్ చెప్పాడంటే సాక్ష్యం కాదు. ఆ ఏజెన్సీ వేసిన జాబ్ యాడ్ స్క్రీన్‌షాట్, మీ రోస్టర్ మెసేజ్‌లు, పే స్లిప్పులు, ఆ టెర్మినేషన్ ఈమెయిల్ తేదీ టైముతో సహా ఈ రాత్రికే దాచుకోండి, ఫోన్‌లో ఒరిజినల్స్ డిలీట్ చెయ్యొద్దు. లోపల ఫోటోలు తీసి పంపమని పనిలో ఉన్న ఫ్రెండ్‌ని అడక్కండి, అతని ఉద్యోగమూ పోతుంది.

ఇప్పుడు మీ మీద కోపం వచ్చిన చోటు. ఓంబుడ్స్‌మన్ వేరు, ఫెయిర్ వర్క్ కమిషన్ వేరు! ఓంబుడ్స్‌మన్ చూసేది జీతం బకాయిల్లాంటివి. తీసేసిన మీద అన్‌ఫెయిర్ డిస్మిసల్ (అన్యాయంగా తీసేశారనే) అప్లికేషన్ కమిషన్‌లో వెయ్యాలి, ఉద్యోగం ఆగిన రోజు నుంచి 21 రోజుల్లో. అక్కడ పెట్టిన కంప్లైంట్ ఇక్కడి గడువుని ఆపదు. గడువు తెలీదన్న కారణాన్ని కమిషన్ ఒప్పుకోదు. పన్నెండు రోజులు కూర్చుని ఎదురుచూశారు, మిగిలింది తొమ్మిది, నేనైతే రేపటికి కూడా ఆపను. ఫారం ఎఫ్2, ఆన్‌లైన్‌లోనే వెయ్యొచ్చు. ఇంగ్లీషు ఇబ్బంది అయితే 13 14 50కి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి.

రిజైన్ లెటర్ మీద సంతకం పెట్టకండి. పెడితే మిమ్మల్ని ఎవరూ తీసెయ్యలేదు, మీరే వెళ్ళారు అని వాళ్ళు వాదిస్తారు, అన్‌ఫెయిర్ డిస్మిసల్ కేసు, రిడండెన్సీ పే (పని లేదని తీసేస్తే ఇచ్చే పరిహారం) రెండూ పోయే ప్రమాదముంది. పాత తేదీ వేస్తే అది అబద్ధపు కాగితం, రేపు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు మీ సంతకమే మీకు ఎదురొస్తుంది. వీసాకి మచ్చ అనేది ఉత్త బెదిరింపు. రిజైన్ చేసినా, తీసేసినా మీ ఉద్యోగం ఆగిందని స్పాన్సర్ (మీ కంపెనీ) వీసాలు చూసే హోమ్ ఎఫైర్స్ శాఖకి 28 రోజుల్లో చెప్పాల్సిందే, కొత్త స్పాన్సర్ కోసం ఒకేసారి 180 రోజుల వరకు, వీసా మొత్తం మీద 365 రోజుల వరకు మీకు టైముంది. ఆ టైములో వేరే చోట పని కూడా చేసుకోవచ్చు.

లెక్క చూడండి. మూడేళ్ళు దాటినవాళ్ళకి రిడండెన్సీ పే ఏడు వారాలు, నోటీసు మూడు వారాలు, వాడుకోని లీవ్ డబ్బులు విడిగా. వాళ్ళు పది వారాలకి బదులు నాలుగు వారాలిచ్చి ఆరు వారాలు మిగుల్చుకుంటున్నారు. మీది సీజనల్ పని, నోటీసు డబ్బు రాదని కంపెనీ వాదించొచ్చు, ఆ మినహాయింపు మీట్ ఇండస్ట్రీకి నిజంగానే ఉంది, కానీ అది నోటీసుకే, రిడండెన్సీ పేకి కాదు. కరువుని సీజన్ అనడం కూడా అంత తేలిక కాదు. కమిషన్‌లో అసలైన రిడండెన్సీ అని తేలి ఓడినా ఆ ఏడు వారాలు మీకు రావాల్సిందే, దానికి ఆరేళ్ళ గడువుంది. గెలిస్తే మళ్ళీ ఉద్యోగంలోకి, అది కుదరకపోతే గరిష్ఠంగా 26 వారాల జీతం.

మీతో తీసేసిన మిగతావాళ్ళకి కూడా ఈ రాత్రే ఫోన్ చెయ్యండి, వాళ్ళందరికీ గడువు ఒకటే, వాళ్ళ ముందూ అదే రిజైన్ లెటర్ పెట్టి ఉంటారు.