సంక్రాంతికి వెళ్ళొచ్చి అప్లై చేయొచ్చా? బ్రిటిష్ పౌరసత్వానికి తారీఖుల లెక్క

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. 2019 అక్టోబరులో టైర్ 2 వర్క్ వీసా మీద యూకే వచ్చాను. రీడింగ్‌లో ఐటీ ఉద్యోగం. 2024 నవంబరు 20న ఐఎల్ఆర్ (యూకేలో శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చింది. ఏడాది నిండింది కాబట్టి ఈ 2025 డిసెంబరులోనే సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. 2020 డిసెంబరు 5న ఇండియా వెళ్ళి, కోవిడ్ వల్ల ఫ్లైట్లు ఆగిపోయి 2021 జనవరి 10న తిరిగొచ్చాను. ఈ ఏడాది నాన్నగారికి బైపాస్ ఆపరేషన్ జరిగింది. ఫిబ్రవరి 18 నుంచి మే 27 వరకు గుంటూరులోనే ఉన్నాను. లెక్క వేస్తే 99 రోజులు వచ్చింది. చివరి ఏడాదిలో 90 దాటితే రిజెక్ట్ చేస్తారని ఫ్రెండ్స్ అంటున్నారు. సంక్రాంతికి ఒక వారం మళ్ళీ వెళ్ళాలని ఉంది. నా భార్య 2021 మార్చిలో మా పాపతో కలిసి డిపెండెంట్‌గా వచ్చింది. ఇద్దరికీ ఇంకా ఐఎల్ఆర్ రాలేదు. పాప 2018లో గుంటూరులో పుట్టింది, బాబు 2022లో రీడింగ్‌లో పుట్టాడు. 2023లో ఒక స్పీడింగ్ టికెట్ పడింది. హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చాను. నాన్నగారి పేరున నాలుగెకరాల మాగాణి ఉంది. నేను బ్రిటిష్ సిటిజన్ అయితే అది నాకు రాదని, ముందే గిఫ్ట్ డీడ్ రాయించుకోమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీకు అర్హత ఉంది. కానీ డిసెంబరులో మాత్రం దరఖాస్తు చేయకండి. ఇప్పుడు వేస్తే ఫైలు తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. దానికి కారణం మీరు భయపడుతున్న 99 రోజులు కాదు, 2020లో చేసిన ఆ ప్రయాణం.

బ్రిటిష్ నేషనాలిటీ యాక్ట్ 1981, సెక్షన్ 6(1) ప్రకారం దరఖాస్తు తారీఖు నుంచి వెనక్కి ఐదేళ్ళు లెక్కిస్తారు. ఆ ఐదేళ్ళు మొదలైన రోజున మీరు యూకే గడ్డ మీద ఉండి తీరాలి. ఉదాహరణకు 2025 డిసెంబరు 15న దరఖాస్తు అందితే, 2020 డిసెంబరు 16న మీరు ఇక్కడ ఉండాలి. ఆ రోజు మీరు గుంటూరులో ఉన్నారు. 2022లో చట్టం మారాక ప్రత్యేక పరిస్థితుల్లో ఈ నిబంధనను సడలించే అధికారం హోమ్ ఆఫీస్‌కి (బ్రిటన్ హోం శాఖకి) వచ్చింది, నిజమే. ఫ్లైట్లు ఆగిపోయాయి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఇండియా, యూకే మధ్య విమానాలు ఆగింది 2020 డిసెంబరు 22 రాత్రి నుంచి జనవరి మొదటి వారం దాకా. 16వ తేదీకి ఫ్లైట్లు తిరుగుతూనే ఉన్నాయి, మీరు సెలవు మీద ఇంటి దగ్గర ఉన్నారు. కాబట్టి ఆ వాదన మీ తారీఖుకి అతకదు. తిరస్కరిస్తే అప్పీలు హక్కు ఉండదు. పునఃపరిశీలన అడగవచ్చు, కాదంటే జుడీషియల్ రివ్యూకి, అంటే కోర్టుకి వెళ్ళాలి. కట్టిన ఫీజులో సెరిమనీకి (పౌరసత్వ ప్రమాణ కార్యక్రమానికి) కట్టిన భాగం తప్ప మిగతాది వెనక్కి రాదు.

ఇక 99 రోజుల సంగతి. బయలుదేరిన రోజు, తిరిగొచ్చిన రోజు గైర్హాజరు కింద లెక్కకు రావు. పూర్తిగా దేశం బయట గడిచిన రోజులే లెక్క. ఫిబ్రవరి 19 నుంచి నెలాఖరు దాకా 10, మార్చి 31, ఏప్రిల్ 30, మే 26 వరకు 26. మొత్తం 97. చట్టంలో ఉన్న పరిమితి చివరి 12 నెలల్లో 90 రోజులు, ఐదేళ్ళలో 450 రోజులు. మిగతా షరతులన్నీ సరిగ్గా ఉంటే చివరి ఏడాదిలో 100 రోజుల వరకు, ఐదేళ్ళలో 480 వరకు మామూలుగా పట్టించుకోరని హోమ్ ఆఫీస్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. అంటే 97 రోజులతో కూడా ఫైలు నిలబడుతుంది. కానీ కొద్ది వారాలు ఆగితే నిబంధనకే సరిపోయే లెక్కను, అధికారి విచక్షణ మీద ఎందుకు వదలాలి?

నా సలహా, 2026 మార్చి 16, సోమవారం దరఖాస్తు చేయండి. అప్పుడు చివరి 12 నెలలు 2025 మార్చి 17న మొదలవుతాయి. గుంటూరులో గడిపిన రోజుల్లో మార్చిలో 15, ఏప్రిల్‌లో 30, మేలో 26 మాత్రమే లెక్కలోకి వస్తాయి. మొత్తం 71. జనవరి 10న బయలుదేరి 18న తిరిగొస్తే మరో 7 కలిసి 78. కాబట్టి సంక్రాంతికి నిశ్చింతగా వెళ్ళిరండి. నాన్నగారి ఆరోగ్యం కోసం అనుకోకుండా మళ్ళీ పరుగెత్తాల్సి వచ్చినా ఇంకో 12 రోజుల వెసులుబాటు ఉంటుంది. ఐదేళ్ళ లెక్క అప్పుడు 2021 మార్చి 17న మొదలవుతుంది. ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నట్టు పే స్లిప్పో, బ్యాంకు స్టేట్‌మెంటో చూసి నిర్ధారించుకోండి. ఫీజులు సాధారణంగా ఏప్రిల్‌లో సవరిస్తుంటారు కాబట్టి మార్చి దాటించకపోవడమే మేలు. 2025 ఏప్రిల్‌లో పెద్దవాళ్ళకు ఫీజు 1,605 పౌండ్లు, సెరిమనీకి 130, కలిపి 1,735 ఉండేది.

ప్రయాణాల జాబితా జ్ఞాపకం మీద రాయకండి. యూకేలో వెళ్ళేటప్పుడు పాస్‌పోర్ట్ మీద ముద్ర వేయరు. మన ఎయిర్‌పోర్టుల్లో ఇమిగ్రేషన్ వేసే ముద్రలు, ఎయిర్‌లైన్ ఈమెయిళ్ళు పక్కపక్కన పెట్టుకుని రాయండి. రెన్యూవల్ అయి మూల కత్తిరించిన పాత పాస్‌పోర్ట్ కూడా దాచి ఉంచండి. అర్ధరాత్రి దాటాక ఎక్కే ఫ్లైట్ల దగ్గర ఎక్కువమంది తడబడతారు. టికెట్ మీద ఉండే తారీఖు వేరు, మీరు ఇంటి నుంచి బయలుదేరిన తారీఖు వేరు.

లైఫ్ ఇన్ ది యూకే టెస్టు, ఇంగ్లిష్ అర్హత ఐఎల్ఆర్ అప్పుడే చూపించారు కాబట్టి మళ్ళీ రాయనక్కర్లేదు. పాస్ అయిన రిఫరెన్స్ నంబరు ఉంటే చాలు.

రిఫరీలు, అంటే మీ గురించి పూచీ ఇచ్చేవాళ్ళు ఇద్దరు కావాలి. ఒకరు ఏ దేశస్థులైనా సరే, టీచర్, డాక్టర్, అకౌంటెంట్ లాంటి వృత్తిలో ఉన్నవాళ్ళై ఉండాలి. రెండోవారు బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవారై, అలాంటి వృత్తిలోనో లేదా 25 ఏళ్ళు దాటినవారో అయి ఉండాలి. ఇద్దరికీ మీరు కనీసం మూడేళ్ళుగా తెలిసి ఉండాలి. మీకు గానీ, వాళ్ళలో వాళ్ళకు గానీ బంధుత్వం ఉండకూడదు. మనవాళ్ళలో భార్యాభర్తల సంతకాలు తెచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. అది చెల్లదు.

స్పీడింగ్ టికెట్ ఒక్కటే అయి, జరిమానా కట్టేసి ఉంటే మామూలుగా అడ్డం కాదు. అయితే ఫారంలో తప్పక రాయండి. ఒక్క టికెట్ వల్ల ఎవరికీ పౌరసత్వం పోదు. దాన్ని దాచారని తేలితే మాత్రం అది మోసం కిందకు వస్తుంది. మోసం రుజువైతే పదేళ్ళ దాకా దరఖాస్తులు తిరస్కరించవచ్చు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది హైదరాబాద్ ఫ్లాట్ అద్దె. ఇండియాలో పన్ను కడుతున్నాం కదా అని చాలామంది ఇక్కడ చూపించరు. యూకేలో పన్ను నివాసి అయినవారికి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయం మీదైనా ఇక్కడ పన్ను బాధ్యత ఉంటుంది. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి అక్కడ కట్టినది ఇక్కడ తగ్గించుకోవచ్చు. కానీ ముందు ఆదాయం చూపించాలి కదా. పౌరసత్వానికి మంచి నడవడిక చూసేటప్పుడు పన్ను వ్యవహారాలు కూడా చూస్తారు. ఇన్నేళ్ళూ చూపించకపోతే దరఖాస్తుకు ముందే అకౌంటెంట్‌ని పెట్టుకుని, విదేశీ ఆదాయం వెల్లడించడానికి హెచ్ఎంఆర్‌సీ (బ్రిటన్ పన్నుల శాఖ) పెట్టిన వరల్డ్‌వైడ్ డిస్‌క్లోజర్ ఫెసిలిటీ ద్వారా చెప్పి, బకాయి కట్టి, రసీదులు ఫైల్లో పెట్టుకోండి. వాళ్ళు అడిగాక చెప్పడానికీ, మనంతట మనం ముందే చెప్పడానికీ చాలా తేడా ఉంది. మార్చి దాకా ఆగమనడానికి ఇది కూడా ఒక కారణం. ఈ పని పూర్తి కాకపోతే మార్చి తారీఖును కూడా వాయిదా వేయండి.

మీ భార్య విషయంలో ఆలస్యం చేయకండి. ఐఎల్ఆర్‌కి ఐదేళ్ళు నిండడానికి 28 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. అంటే ఫిబ్రవరిలోనే సిద్ధంగా ఉండాలి. సెటిల్‌మెంట్ కాలాన్ని (ఐఎల్ఆర్ కోసం ఆగాల్సిన కాలాన్ని) మామూలుగా పదేళ్ళు చేయాలన్న ప్రతిపాదన 2025 మే శ్వేతపత్రంలో వచ్చింది, నవంబరులో దాన్ని సంప్రదింపులకు పెట్టారు. ఐఎల్ఆర్ ఇప్పటికే ఉన్న మీకు దానితో ఇబ్బంది లేదు. ఆమెకు ఇంకా చేతికి రాలేదు కాబట్టి, అర్హత వచ్చిన మొదటి రోజునే వేయడం క్షేమం. ఆమె గైర్హాజరుకు ఐఎల్ఆర్ దగ్గర వేరే లెక్క ఉంది, ఏ 12 నెలలు తీసుకున్నా 180 రోజులు దాటకూడదు. గుంటూరులో ఆమె ఎన్నాళ్ళు ఉందో కూడా చూసుకోండి.

మీరు బ్రిటిష్ సిటిజన్ అయ్యాక ఆమెకు సెక్షన్ 6(2) వర్తిస్తుంది. ఐదేళ్ళకు బదులు మూడేళ్ళు, 450 రోజులకు బదులు 270. చివరి ఏడాది 90 రోజుల నిబంధన అలాగే ఉంటుంది. ముఖ్యంగా, ఐఎల్ఆర్ వచ్చాక ఏడాది ఆగాల్సిన పని ఉండదు. మీ సెరిమనీ అయిన మర్నాడే ఆమె దరఖాస్తు చేయవచ్చు.

పిల్లల్లో బాబుది సులువు. ఇక్కడ పుట్టాడు, ఆ తర్వాత తండ్రికి ఐఎల్ఆర్ వచ్చింది. సెక్షన్ 1(3) కింద బ్రిటిష్ పౌరుడిగా రిజిస్ట్రేషన్ వాడి హక్కు. ఎంఎన్1 ఫారంతో ఇప్పుడే వేయవచ్చు, మీ సిటిజన్‌షిప్ కోసం ఆగనక్కర్లేదు. వాడికి విడిగా ఐఎల్ఆర్ తీసుకోకండి. 2025లో దానికి 3,029 పౌండ్లు, రిజిస్ట్రేషన్‌కి 1,214. అవసరం లేని ఐఎల్ఆర్‌కి డబ్బు పోసే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. పాప ఇండియాలో పుట్టింది కాబట్టి తల్లితో కలిసి ఐఎల్ఆర్ తీసుకోవాలి. తర్వాత సెక్షన్ 3(1) కింద రిజిస్ట్రేషన్ అడగాలి. ఇది హక్కు కాదు, హోమ్ ఆఫీస్ విచక్షణ. తల్లిదండ్రులిద్దరూ ఇక్కడ స్థిరపడి, ఒకరు బ్రిటిష్ సిటిజన్ అయితే సాధారణంగా ఇస్తారు.

ఇప్పుడు నాన్నగారి సంగతి, మీరు అడగకపోయినా చెప్పాలి. నిర్ణయానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. ఆ లోపు బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫొటో) అయిపోతే ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఇండియా వెళ్ళి రావచ్చు. అప్రూవల్ వచ్చాక సెరిమనీకి మూడు నెలల గడువిస్తారు. మీరు బ్రిటిష్ పౌరులయ్యేది అప్రూవల్ లెటర్ వచ్చిన రోజున కాదు, సెరిమనీలో ప్రమాణం చేసిన రోజున. ఆ క్షణాన పౌరసత్వ చట్టం 1955, సెక్షన్ 9 ప్రకారం మీ భారత పౌరసత్వం ముగుస్తుంది. ఆ తర్వాత ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ప్రయాణిస్తే నేరం. ఐఎల్ఆర్ కూడా అక్కడితో ముగిసిపోతుంది కాబట్టి యూకేకి తిరిగి రావాలన్నా బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉండాలి. అది రావడానికి కొన్ని వారాలు. పాత పాస్‌పోర్ట్ వీఎఫ్ఎస్ (దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీ) ద్వారా సరెండర్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి మరికొన్ని. ఆ తర్వాతే ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే) కార్డు. ఈ మధ్యకాలంలో గుంటూరు నుంచి ఫోన్ వస్తే వెంటనే విమానం ఎక్కలేరు. అందుకని అప్రూవల్ రాగానే ముందు నాన్నగారిని చూసి రండి. ఆయన ఆరోగ్యం నిలకడగా ఉందని డాక్టర్లు చెప్పాక, ఆ మూడు నెలల్లో వీలైనంత చివరి సెరిమనీ తారీఖు అడగండి. సెరిమనీ అయిన వారంలోనే బ్రిటిష్ పాస్‌పోర్ట్‌కి అప్లై చేసేలా కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. మీ ఇండియన్ పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా పేరు గడిలోనే ఉంటే, పౌరసత్వ దరఖాస్తుకు ముందే సరిచేయించుకోండి. పాస్‌పోర్ట్ ఆఫీసు (బ్రిటన్‌ది) రెండు దేశాల పత్రాల్లోనూ పేరు ఒకేలా ఉండాలంటుంది.

పొలం విషయంలో బంధువులు చెప్పింది తలకిందులుగా ఉంది. వ్యవసాయ భూమిని కొనడానికి ఓసీఐకే కాదు, ఇప్పుడు ఎన్ఆర్ఐగా ఉన్న మీకు కూడా ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు అనుమతివ్వవు. గిఫ్ట్ డీడ్ ద్వారా తీసుకోవడానికీ అంతే. తొందరపడి గిఫ్ట్ రాయించుకుంటే లేని చిక్కు తెచ్చుకున్నవారవుతారు. వారసత్వంగా వస్తే మాత్రం ఎన్ఆర్ఐ అయినా ఓసీఐ అయినా తీసుకోవచ్చు, బ్రిటిష్ పౌరసత్వం అందుకు అడ్డు కాదు. తర్వాత అమ్మదలిస్తే ఇండియాలో నివసించేవారికి అమ్మాలి. కాబట్టి నాన్నగారు ఇష్టపడితే ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే వీలునామా రాయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పని పూర్తి చేసుకోవచ్చు. తోబుట్టువులు ఉంటే వాళ్ళకు తెలిసేలా చేయండి, తర్వాత తగాదాలు రావు.

ఇండియాలో ఓటు హక్కు మాత్రం పోతుంది. ఓసీఐతో అది తిరిగి రాదు. ఆ నిర్ణయం మీరూ మీ ఇంటివాళ్ళూ కూర్చుని తీసుకోవాల్సింది. ప్రస్తుతానికి మీరు చేయాల్సిన పని అకౌంటెంట్‌ని కలవడం, బాబు ఎంఎన్1 ఫారం నింపడం.