రిటైరైన మగవాళ్ళు కుట్టుపని పెట్టుకుంటే ఊళ్ళో నవ్వుతారా? ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

నవ్వుతారండి. ఎందుకు నవ్వరు? అంబాజీపేట పక్క పల్లెటూళ్ళో ముప్పై ఏళ్ళ పైన లెక్కలు చెప్పినవాణ్ణి, రిటైరైన ఆరో నెలలో మా ఆవిడ కాలు మిషను ముందు కూర్చుంటే రోడ్డున పోయేవాళ్ళు కిటికీ దగ్గర ఆగి మరీ చూశారు. "ఏం మేస్టారూ, పింఛను చాలట్లేదేంటి?" అన్నాడొకాయన. నాకు తెలిసిన జాకెట్ల టైలర్లంతా మగాళ్ళే. పరుపులు కుట్టేదీ, షామియానాలు కుట్టేదీ మగాళ్ళే. అప్పుడెవరికీ నవ్వు రాదు. డబ్బు పుచ్చుకుని కుడితే వృత్తి, ఊరికే కుడితే వేళాకోళం. గోదారి దాటి నరసాపురం వైపు వెళ్ళండి, ఇళ్ళల్లో కూర్చుని లేసు అల్లేది ఆడవాళ్ళు, దాన్ని బేరం పెట్టేది ఎక్కువగా మగవాళ్ళు. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి సంబరపడ్డాను గానీ, అల్లే ఆవిడకి రోజుకి ఎంత గిడుతుందో ఎవరైనా అడిగారా అని కూడా అనిపించింది. సరే, మీరడిగింది ఇది కాదు.

నేను కుట్టేది బొంతలు. మా అమ్మాయి క్విల్టులంటుంది. పేరేదైనా పైన ఒక గుడ్డ, కింద ఒక గుడ్డ, మధ్యలో ఏదో ఒకటి, మూడూ కలిపి కుట్టు. ఆ "ఏదో ఒకటి" దగ్గరే నా పరువు పోయింది.

అంతకు ముందు మొదటిదానికే ఒక చిన్న అవమానం ఉంది, చెప్పేస్తాను. మూడంగుళాల చదరాలు కోసి, మూడు వరసలు మూడేసి చొప్పున కలిపితే తొమ్మిదంగుళాల గడి వస్తుంది కదా అనుకున్నాను. అలాంటి గడులు ముప్పై, అయిదు అడ్డం, ఆరు నిలువు. నలభై అయిదుకి యాభై నాలుగు రావాలి. టేపు పెట్టి చూస్తే ముప్పై ఏడున్నరకి నలభై అయిదు! ప్రతి ముక్కకీ అటు పావు, ఇటు పావు అంగుళం కుట్టులోకి పోతుందని లెక్కల మేస్టారికి తట్టలేదు. మూడంగుళాల ముక్క కుట్టాక రెండున్నరే. మా ఆవిడ అరగంట నవ్వింది. అది ఇప్పుడు టీవీ మీద ముసుగు.

రెండోది మా మనవడికి. అమ్మాయి పురిటికి వచ్చి ఉంది, బారసాల నాటికి ఉయ్యాల్లోకి బొంత నేను కుడతానన్నాను. అమెరికా వాళ్ళ వీడియోలు చూసీ చూసీ మధ్యలో పొర మెత్తగా, పొంగుగా ఉండాలని పట్టుకుంది నాకు. వాళ్ళు వేసే దళసరి దూది తాను మా ఊళ్ళో దొరకదు. పరుపులు కుట్టే ఆయన దగ్గర అరకిలో ఏకిన పత్తి తెచ్చి, చేత్తో పరిచి, అడుగుకో గీత చొప్పున మిషను మీద కుట్టేశాను. పసుపూ ఆకుపచ్చా గళ్ళు, చుట్టూ ఎర్ర అంచు. బారసాల రోజు పిల్లాడి కంటే బొంతనే ఎక్కువ మంది ఎత్తుకున్నారు.

నెల తిరిగేసరికి శ్రావణమాసం. పిల్లాడి పని పిల్లాడు చేశాడు, మా ఆవిడ బొంత ఉతికింది. ఉతికిన బొంత ఎత్తబోతే రాలేదు, ఇద్దరం పట్టుకున్నాం. తడిసిన దూడలా ఉంది బరువు. దండెం మీద వేశాం. కాసేపటికి దండెం తెగి, బొంత బురదలో పడింది. మళ్ళీ ఉతుకు. ఈసారి అరుగు మీద పరిచాం. ఒకటే ముసురు, మూడు రోజులైనా ఆరలేదు, నాలుగో రోజుకి ముక్క వాసన. చెయ్యి పెట్టి తడిమితే ఏ గడిలో దూది ఆ గడిలో ఒక మూలకి చేరి గట్టిపడిపోయింది. గడికో సున్నుండ. మిగతా గడంతా ఉత్త గుడ్డ.

ఆ సమయానికి పక్కింటి మామ్మగారు కరివేపాకు కోసం వచ్చారు. ఎనభై దాటిన మనిషి. బొంతని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "దూదెందుకు పెట్టారు మేస్టారూ? మన నేలకి దూది నిలుస్తుందా? మీ అమ్మ బొంత ఏదీ?" అన్నారు.

మా అమ్మ బొంత పెట్టెలో అడుగున ఉంది. ఆరు పొరలు, అన్నీ బండారులంక నేత చీరలే, పూతరేకు మడతల్లా ఒకదాని మీద ఒకటి. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి ఇంటి పెంకులు లేచిపోయి మేమంతా బళ్ళోకి పరిగెడితే ఆ బొంత ఇంట్లోనే నీళ్ళలో నానింది. తర్వాత ఎండ కాశాక, వాకిట్లో పడిపోయిన కొబ్బరి చెట్టు మీదే పరిచి ఆరేశాం. ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మామ్మగారు దాన్ని తీయించి కుట్టు చూపించారు. గీతకీ గీతకీ రెండు వేళ్ళ ఎడం, అంతే. పొర జరగడానికి చోటుంటే కదా. చీర పొరలు పల్చన గనక గాలి ఆడుతుంది, గంట ఎండ దొరికినా సగం ఆరుతుంది. దూది పెట్టాలంటే అంత దగ్గరగా కుట్టాలి, కుట్టినా ఈ చెమ్మలో ఆరదు. కొన్నవాళ్ళు ఏమన్నా అననీండి, దూది బొంత కోనసీమకి పనికిరాదు. ఇది నా తీర్పు, మార్చుకోను.

ఆ మధ్యాహ్నం ఆవిడ అరుగు మీద కూర్చుని చిన్న కత్తెరతో నా కుట్లన్నీ విప్పించారు. ప్రతి నాలుగో కుట్టూ తెంపి, వెనక నుంచి దారం లాగితే గుడ్డ చిరగకుండా ఊడొస్తుంది. ఆ కిటుకు ఏ వీడియోలోనూ నాకు కనపడలేదు. దూదంతా తీసి రెండు దిళ్ళలో కుక్కాం. మా ఆవిడ పాత వాయిలు చీర నాలుగు మడతలు పెట్టి, మూలల నుంచి కాకుండా మధ్యలోంచి బయటికి పెద్ద పెద్ద టాకాలు వేసి (మూలల నుంచి మొదలెడితే నడుమ ఉబ్బు తేలుతుంది), తర్వాత చేత్తో కుట్టాను. పదిహేను రోజులు పట్టింది. మనవడికి ఇప్పుడు నాలుగేళ్ళు, బెంగుళూరులో ఆ బొంత లేందే పడుకోడు. వాషింగ్ మిషన్లో లెక్కలేనన్ని సార్లు తిరిగింది.

ఇప్పటికి మొత్తం పదకొండు అయ్యాయి. మొదట్లో అంగుళానికి మూడు కుట్లు పడేవి, అవీ వంకర. ఇప్పుడు ఆరు పడుతున్నాయి. నాలుగు పొరల మీద మిషను వేయాలంటే పద్నాలుగో నంబరు సూది తీసి పదహారు పెట్టాలని, రంగు చీరని ముందుగా తెల్ల గుడ్డతో కలిపి నానబెట్టి చూడాలని, ఇవన్నీ తలా ఒక చీర పాడుచేసుకుని నేర్చుకున్నవే. వాటిల్లో నాకు నచ్చింది ఏడోది. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు. మనకి తెలిసిందే కదా, ఆ ముక్క మనింటికొచ్చి, పసుపు బొట్టుతో ఇంకొకరింటికెళ్ళి, తిరిగి తిరిగి మళ్ళీ మనింటికే చేరుతుంది. ఆ ప్రయాణం నేను ఆపేశాను, నలభై ముక్కలు కోసేశాను. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

అందులో సగం పనికిరాలేదు. ఇప్పుడిచ్చేవన్నీ పాలిస్టరే. అనుమానముంటే నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో అంటించండి. నూలు కాగితం వాసనతో కాలి బూడిదవుతుంది, పాలిస్టరు కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. అసలు నా బాధ ఇది. మంచి నూలు చీరలున్న ఆడవాళ్ళంతా పోయారు, వాళ్ళ చీరలు కోడళ్ళు స్టీలు సామాన్లాయనకి వేసేస్తున్నారు. అయిదు చీరలకి ఒక డబ్బా! చేతులెత్తి దణ్ణం పెడతాను, వెయ్యకండి. అడుగున వేసే గుడ్డకి ద్వారపూడి వెళ్తే తానులు దొరుకుతాయి గానీ, ఇరవై ఏళ్ళు ఒంటి మీద నలిగిన చీర మెత్తదనం ఏ తానుకీ రాదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో, ఒక నది మలుపులో గీస్ బెండ్ అని పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలు, డంగ్రీ ప్యాంట్లు కోసి కుట్టిన బొంతల్ని మ్యూజియం గోడలకి వేలాడదీశారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వేశారు. ఇది చెప్తే మా వీధిలో ఒకాయన, "మరి మీ బొంతలు ఎంతకిస్తారు మేస్టారూ?" అన్నాడు. ఏది చూసినా ఎంతకిస్తావనే. నేను చెప్పిన రేటు విని ఆయన మళ్ళీ అడగలేదు. గంటకి వంద రూపాయలు వేసుకున్నాన్లెండి.

మీరడిగిన రెండోదానికి, ఇంట్లోనే నేర్చుకోవచ్చు. మిషను అక్కర్లేదు, సూదీ దారం, రెండు పాత చీరలు, పక్కింట్లో ఒక మామ్మగారు ఉంటే చాలు. కళ్ళజోడు నంబరు మాత్రం ముందే చూపించుకోండి.

నేను ప్రస్తుతం పన్నెండోదాని మీద ఉన్నాను. మధ్య గడికి మా ఆవిడ చిలకపచ్చ వెంకటగిరి చీర కావాలి. ఇవ్వనంటోంది, బీరువా తాళం కూడా చోటు మార్చింది. సంక్రాంతికి అమ్మాయి వస్తుంది, తనతో అడిగించి చూస్తాను.