కొత్త బండి కొన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

నువ్వు మినీ ట్రక్ తీసుకున్నావని, మన బత్తాయిలు హైదరాబాద్‌కు తోలుతావని అక్క ఫోన్‌లో చెప్పింది. నేను జన్మంతా సేట్ల బండ్లే నడిపాను. మన ఇంట్లో సొంత బండి స్టీరింగ్ పట్టినవాడివి నువ్వే. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కానీ ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు బయట షెడ్డులో మార్పించుకుంటానన్నావట. దాంతో టెన్షన్ మొదలైంది.

ఆయిల్ మ్యానువల్‌లో రాసిన గ్రేడే పోయించు, చెప్పిన కిలోమీటర్లకే మార్పించు. ఇవి నీకు తెలిసినవే.

బయటి ఫిల్టర్ వేస్తే వారంటీ మొత్తం పోతుందని ఎవరైనా భయపెడితే నమ్మకు. 2014లో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్‌లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. బయట పని చేయించాడని వారంటీ గంపగుత్తగా రద్దు చేయొద్దని, ఆ పని వల్ల పాడైనంత మేరకే కాదనొచ్చని ఆ ఆర్డర్‌లోనే చెప్పింది. కంపెనీలు దాని మీద అప్పీలుకు పోయాయి. కాబట్టి ఆ ఆర్డర్ పేరు చెప్పి షోరూమ్‌లో గెలుస్తాననుకోకు. అక్కడ అడిగేది బిల్లు.

మిర్యాలగూడ రైస్ మిల్లులో నాతో పాటు ఒక డ్రైవరన్న పనిచేసేవాడు. సేటు కొత్తగా కొన్న వ్యాన్ ఆయనకే ఇచ్చాడు. వారంటీ ఇంకా ఉంది. అయినా డబ్బులు మిగులుతాయని షెడ్డులో ఫిల్టర్ మార్పించాడు. పాతది ఊడదీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. షెడ్డు పిల్లగాడు చూడకుండా దాని మీదే కొత్తది బిగించాడు. షెడ్డులో స్టార్ట్ చేస్తే చుక్క కారలేదు. హైవే ఎక్కి స్పీడ్ అందుకోగానే ప్రెషర్‌కు రింగు పక్కకు జరిగి ఆయిలంతా రోడ్డు పాలైంది. ఎర్ర లైటు వెలిగింది. నార్కట్‌పల్లి దగ్గర్లోనే ఉంది కదా, అక్కడ ఆపి చూద్దామనుకున్నాడు. అక్కడికి చేరకముందే బేరింగులు కాలి ఇంజిన్ పట్టేసింది.

వెనక లోడ్‌తో వస్తున్న నేను ఆగి చూశాను. కాలిన ఆయిల్ వాసనకు దగ్గరికి పోలేకపోయాం. ఫిల్టర్ అంచున నల్లటి రింగు ముక్క వంకరగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆ ఫిల్టర్ మంచిదే, తప్పంతా బిగించడంలో ఉంది. కంపెనీ వాళ్లు మాత్రం లోకల్ ఫిల్టర్ అని రాసి క్లెయిమ్ తిప్పి పంపారు. షెడ్డు వాడు బిల్లు ఇవ్వలేదు, ఆ బండి ముట్టుకోనేలేదన్నాడు. సేటు ఆ ఖర్చు డ్రైవరన్న జీతంలో కోసుకున్నాడు. బిడ్డ పెళ్లి ముందు పెట్టుకుని ఆ మనిషి ఎంత కుమిలిపోయాడో నేను పక్కనే ఉండి చూశాను.

అందుకే తిడుతున్నా, కోపం తెచ్చుకోకు. ఆయిల్ డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే ఉన్నచోటే పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్. బత్తాయిలు వాడిపోతే పోనీ, వ్యాపారి అరిస్తే అరవనీ. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని హారన్ వదిలేవాడివి కాదు. ఆ పిల్లగాడు కిస్తీల బండితో నడిరోడ్డు మీద నిలబడటం నేను చూడలేను.

వారంటీ ఉన్నన్నాళ్లు షోరూమ్‌లోనే చేయించు. ఫ్రీ సర్వీస్ అంటే చాలాసార్లు కూలీ ఒక్కటే ఫ్రీ, ఆయిల్, ఫిల్టర్ డబ్బులు తీసుకుంటారు. అది చూసి మనసు మార్చుకోకు. తప్పనిసరై బయటికి పోతే దగ్గర నిలబడు. మరలు సరిపోయాయని ఏదో ఒక ఫిల్టర్ పెట్టనివ్వొద్దు. ఫిల్టర్‌లోని కాగితం మూసుకుపోతే ఆయిల్‌ను దాటించే వాల్వు చాలా ఫిల్టర్ల లోపలే ఉంటుంది, అది ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలనేది ఒక్కో ఇంజిన్‌కు ఒక్కోలా ఉంటుంది. నీ బండికని రాసిన పార్ట్ నంబరే తీసుకో. పాత రింగు ఊడొచ్చిందో లేదో వేలు పెట్టి చూడు. కొత్త రింగుకు ఆయిల్ రాయించు. పానాతో కాదు, చేత్తోనే, ఫిల్టర్ మీద రాసినంతే బిగించమను. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి కిందికి వంగి చూడు. బిల్లు మీద బండి నంబరు, తేదీ, కిలోమీటర్లు, పార్ట్ నంబరు, ఆయిల్ గ్రేడ్ ఉండాలి. ఫిల్టర్ డబ్బా పారెయ్యకు.

అన్నీ ఉన్నా క్లెయిమ్ కాదంటే, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా అడుగు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్. బండి హైదరాబాద్‌లో కొన్నా నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. వ్యాపారానికి కొన్న బండి, వినియోగదారుల చట్టం వర్తించదు అంటారు జాగ్రత్త. బతుకుదెరువు కోసం సొంతంగా నడుపుకునేవాడికి ఆ చట్టం వర్తిస్తుంది. లైసెన్సు, లోన్ కాగితాలు, ట్రిప్పుల లెక్కలు ఒక్కచోట పెట్టు.

ముందు ఆ వారంటీ పుస్తకంలో షరతుల పేజీలు ఫొటో తీసి పంపు. నేను చదివి ఫోన్ చేస్తా. మొదటి సర్వీస్ ఎప్పుడో చెప్తే నీతో పాటు షోరూమ్‌కు వస్తా.

మీ మామ